తెగిన పోగు, గాజు గదిలో యంత్రం

సూరత్ అనగానే ఢిల్లీ రాజకీయ వర్గాలకు 2024 ఏప్రిల్ 22 గుర్తుకు వస్తుంది. కాంగ్రెసు అభ్యర్థి నామినేషను తిరస్కరణకు గురికాగా, మిగిలిన అభ్యర్థులు పోటీనుంచి విరమించుకొనగా, భారతీయ జనతా పార్టీ అభ్యర్థి ముకేశ్ దలాల్ ఆనాడు ఏకగ్రీవంగా లోక్‌సభకు ఎన్నికైనారు. ఒక మహానగరం ఓటు వేయవలసిన శ్రమ లేకుండానే తన ప్రతినిధిని పొందింది. అయితే సూరత్ నగరమంతా సూరత్ నియోజకవర్గంలో లేదు. ఉధనా, లింబాయత్‌ల సమీపాన ఉన్న డిండోలి ప్రాంతం నవసారి లోక్‌సభ స్థానం క్రిందికి వస్తుంది. అక్కడ మే 7న పోలింగు సక్రమంగానే జరిగింది. సి.ఆర్. పాటిల్ ఏడు లక్షల డెబ్బై వేలకు పైచిలుకు ఆధిక్యంతో గెలిచి, కేంద్ర మంత్రివర్గంలో చేరారు.

డిండోలి ప్రసక్తి తేవడానికి కారణం ఎన్నికలు కావు. ఈ పేటలోనూ, దీని ఇరుగుపొరుగు పేటల్లోనూ తెలుగువారి కాపురాలు మెండుగా ఉన్నవి. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ జిల్లాలనుంచి తరతరాలుగా మగ్గాన్ని నమ్ముకొని బయలుదేరిన పద్మశాలి కుటుంబాలు షోలాపూరు, భివండి, బొంబాయి, సూరత్‌లలో స్థిరపడిన కథ పాఠకులకు విదితమే. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీతో పాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా భాషలలోనూ, తెలుగులోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నది. హైదరాబాదులో తెలుగు మాధ్యమం ఉండాలా వద్దా అని మనం వాదించుకుంటుండగా, తపతీ తీరాన ఒక గుజరాతీ నగరపాలక సంస్థ తెలుగు వాచకాలు పంచిపెట్టడం చిత్రమే.

ఈ మధ్య నేను డిండోలి వెళ్లిన పని వేరు. విశ్వవిద్యాలయాలలో రోబో శాస్త్ర పరిశోధనకు కేంద్రం ఇస్తున్న నిధుల గురించి కొంతకాలంగా పార్లమెంటులో ప్రశ్నలూ సమాధానాలూ వింటున్నాను. సమాధానాలలో కోట్లు ఉంటాయి, కేంద్రాల సంఖ్య ఉంటుంది, అవగాహన ఒప్పందాల సంఖ్య ఉంటుంది. ఆ పరిశోధన ఏ మనిషి చేతిలోని ఏ పనిని తేలిక చేయడానికి ఉద్దేశించినదో ఉండదు. చేతిపని చేసే మనుషులు వేల సంఖ్యలో ఉన్న చోట నిలబడి ఆ ప్రశ్న వేసుకుందామని అనిపించింది.

మరమగ్గాల షెడ్డును సూరత్‌లో ‘ఖాతా’ అంటారు. లోపల అడుగు పెట్టిన మరుక్షణం మాట వినిపించదు. నాడె అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నిమిషానికి నూరు సార్లకు పైగా దెబ్బ కొడుతూ ఉంటుంది. అటువంటి మగ్గాలు వరుసలు వరుసలుగా ఉంటాయి. కార్మికులు సైగలతో, పెదవుల కదలికతో మాట్లాడుకుంటారు. పన్నెండు గంటల పాళీ. రాత్రి పాళీ ఒకటి, పగటి పాళీ ఒకటి. కూలి నేసిన మీటర్ల లెక్కన. ఒక్కొక్క మనిషి అనేక మగ్గాల మధ్య తిరుగుతూ ఉంటాడు. మగ్గం నేస్తుంది గదా, మనిషి చేసే పని ఏమిటి? తెగిన పోగును కనిపెట్టడం, మగ్గం ఆపడం, పోగును అతకడం, తిరిగి నడిపించడం. పడుగులో వేల పోగులు ఉంటాయి. ఒక్కటి తెగి, చూడకపోతే గుడ్డ పొడవునా గీత పడుతుంది. సేఠ్ ఆ నష్టం కూలిలో కోస్తాడు. ఆధునిక మగ్గాలలో ప్రతి పడుగు పోగుకు ఒక పలుచని లోహపు రేకు వ్రేలాడుతుంది. పోగు తెగితే రేకు క్రింద పడుతుంది, విద్యుత్తు వలయం పూర్తి అవుతుంది, మగ్గం ఆగుతుంది. సాదా మరమగ్గానికి ఆ భాగ్యం లేదు. అక్కడ రేకు పని నేతగాని కన్ను చేయాలి.

అక్కడ పరిచయమైన ఒక పెద్దాయన కరీంనగర్ ప్రాంతం నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది. ఖాతా బయట టీ కొట్టు వద్ద కూర్చున్న తరువాత, నేను వచ్చిన పని చెబితే, ఆయన ఒకే ప్రశ్న అడిగారు. “గా రోబోలకు ఢిల్లీల కోట్లకు కోట్లు ఇస్తున్నరట గద సారూ. మరి గది తెగిన పోగును అతుకుతదా?”

ఆయన కుమారుడు ఒక స్వయంపోషక ఇంజనీరింగు కళాశాలలో చదువుకుంటున్నాడు. కళాశాల పేరు ఇక్కడ అనవసరం. అతడు తండ్రి ప్రశ్నకు నవ్వలేదు. తమ కళాశాలలో రోబో ప్రయోగశాల ఉన్నదని చెప్పాడు. గాజు గదిలో ఒక యాంత్రిక హస్తం, దాని ముందు ఒక చిన్న కన్వేయరు, రంగురంగుల బిళ్లలు ఉన్నాయట. మీట నొక్కితే హస్తం ఎర్ర బిళ్లలను ఒక వైపు, నీలి బిళ్లలను మరొక వైపు పెడుతుందట. “మరి మీరేం చేస్తారు?” అన్నాను. “మీట నొక్కుతం సార్. మర విప్పితే వారంటీ పోతదని చెప్పిండ్రు. ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు మాత్రం రోజంతా నడిపిస్తరు” అన్నాడు.

ఢిల్లీకి తిరిగి వచ్చిన తరువాత తండ్రి ప్రశ్నను ఇక్కడ ఆచార్య పదవిలో ఉన్న ఒక తెలుగు మిత్రుని ముందు పెట్టాను. ముడి వేయడం యంత్రానికి కొత్త విద్య కాదన్నారు. పాత పడుగు చివర్లకు కొత్త పడుగును ముడివేసే యంత్రాలు జౌళి పరిశ్రమలో ఎప్పటినుంచో ఉన్నవి. కాని అక్కడ మగ్గం ఆగి ఉంటుంది, పోగులు వరుసగా బిగించి ఉంటాయి. తెగి వ్రేలాడుతున్న ఒక్క పోగును, అదరుతున్న మగ్గం మీద, వేల పోగుల నడుమ వెదకి పట్టుకొని, అల్లు కంటిలోంచి, అచ్చు పన్నులోంచి మళ్లీ దూర్చడం వేరు. ఇనుప కడ్డీకి ఒకటే ఆకారం. దారానికి ఊదితే ఒక ఆకారం, తడిస్తే మరొకటి. మెత్తని వస్తువును పట్టుకోవడం నేటికీ ప్రపంచవ్యాప్తంగా రోబో శాస్త్రజ్ఞులకు కఠిన సమస్య. “సాధ్యమా, కాదా అని కాగితం మీద తేలదు. చేసి చూడాలి, చెడగొట్టాలి, మళ్లీ చేయాలి. అందుకు తగిన బల్ల ఉండాలి” అన్నారు ఆయన.

ఆ బల్ల సంగతే ఈ లేఖకు మూలం.

రోబో ప్రయోగశాల అంటే మరమనిషి నడుస్తూ కనిపించే గది అని మనలో చాలామంది ఊహ. నిజానికి పరిశోధకుని సమయంలో అధిక భాగం మరమనిషిమీద గాక, దాని చుట్టూ ఉండవలసిన చట్రాలు, పట్టాలు, కెమెరాల స్తంభాలు, వస్తువును అందించే పళ్లేలు, రక్షణ కంచెలు అమర్చడంలో ఖర్చవుతుంది. వీటిని ప్రతిసారీ ఇనుముతో వెల్డింగు చేయిస్తే, ఆలోచన మారినప్పుడల్లా కోసి పారవేయాలి. ఇందుకు పరిశ్రమలనుంచి విశ్వవిద్యాలయాలకు వచ్చిన ఉపాయమే మాడ్యులర్ ఆటోమేషన్ సామగ్రి. పొడవునా గాడులు ఉన్న అల్యూమినియం కడ్డీలు, ఆ గాడులలో ఎక్కడ కావాలంటే అక్కడ బిగించగల మరలు, సరళరేఖలో జారే పట్టాలు, వాటిని నడిపే మోటార్లు, గాలి ఒత్తిడితో పనిచేసే పట్టుకొమ్మలు, సెన్సర్లు, అన్నింటికీ ఆజ్ఞలిచ్చే చిన్న కంట్రోలరు. ఏ భాగానికి ఆ భాగం విడిగా దొరుకుతుంది, కొలతలు కలుస్తాయి, ఒక ఆరంగుళాల తాళంచెవితో విప్పి మరొక విధంగా కూర్చవచ్చు. ఈ వారం మగ్గం పైన వ్రేలాడిన చేయి వచ్చే వారం ప్రక్కనుంచి వస్తుంది. పనికిరాలేదా, అవే కడ్డీలు మరొక విద్యార్థి ప్రయోగానికి పోతాయి. చిన్నప్పుడు మెకానో ఆటవస్తువు చూసినవారికి వివరణ అక్కరలేదు.

ఇందులోని తర్కం పాతదే. 1968లో అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ, కారు నమూనా మార్చినప్పుడల్లా కర్మాగారంలోని వైర్లన్నీ ఊడబెరికి మళ్లీ బిగించవలసి వస్తున్నదని విసిగి, ఆజ్ఞలు మార్చితే సరిపోయే నియంత్రణ పరికరం కావాలని కోరింది. ఫలితంగా పుట్టినదే నేడు ప్రతి కర్మాగారంలో ఉన్న పి.ఎల్.సి. ఇటీవలి కాలంలో సాఫ్టువేరు కూడా అదే దారి పట్టింది. 2007 ప్రాంతంలో ఆరంభమైన ఆర్.ఓ.ఎస్. అనే ఉచిత వ్యవస్థ వలన ఒక విశ్వవిద్యాలయంలో వ్రాసిన భాగాన్ని మరొక విశ్వవిద్యాలయం తన యంత్రానికి తగిలించుకోగలుగుతున్నది.

మగ్గానికీ మరమనిషికీ ఉన్న చుట్టరికం నేను కల్పించినది కాదు. పద్దెనిమిదవ శతాబ్దపు ఫ్రాన్సులో రెక్కలాడించే యంత్రపు బాతును చేసి పేరుగాంచిన వోకాన్సన్ అనే ఆయనే 1745లో స్వయంచాలక మగ్గాన్నీ రూపొందించాడు. లియాన్ పట్టు నేతగాండ్రు ఆయనమీద రాళ్లు రువ్వారు. ఆయన మార్గాన్నే జకార్డ్ మరింత ముందుకు తీసుకువెళ్లి, రంధ్రాలు పొడిచిన అట్టలతో మగ్గానికి ఆజ్ఞలివ్వడం నేర్పాడు. అట్టల వరుస మార్చితే అదే మగ్గం మరొక పువ్వు నేస్తుంది. కంప్యూటరు చరిత్రకారులందరూ ఆ అట్టలకు నమస్కరించే ముందుకు సాగుతారు. జపానులో సాకిచి తొయోదా అనే వడ్రంగి కుమారుడు, ఇంట్లో తల్లి నేత శ్రమ చూసి మగ్గం బాగుచేయడానికి పూనుకొన్నాడు. 1924లో ఆయన పూర్తి చేసిన స్వయంచాలక మగ్గానికి, పోగు తెగితే తనంతట తానే ఆగే గుణం ఉన్నది. 1929లో ఆ హక్కును ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ సంస్థకు లక్ష పౌండ్లకు ఇచ్చారు. ఆ తరువాత కొద్ది ఏళ్లకే, 1933లో, ఆయన కుమారుడు మగ్గాల కర్మాగారంలోనే మోటారుకార్ల శాఖ తెరిచాడు. తప్పు జరిగితే యంత్రమే ఆగాలి అన్న సూత్రాన్ని నేటికీ టొయోటా కార్ల సంస్థ తన మూలస్తంభాలలో ఒకటిగా చెప్పుకుంటున్నది. తెగిన పోగునుంచి కారు దాకా ఆ కుటుంబం నడిచిన దూరం అంత.

ఇంగ్లీషు సాహిత్యం చదివిన పాపానికి మరొక సంగతి స్ఫురిస్తుంది. కవి బైరన్ ప్రభువుల సభలో చేసిన తొలి ప్రసంగం 1812 ఫిబ్రవరి 27న, నాటింగుహాం నేత చట్రాలను పగులగొట్టిన కార్మికులకు ఉరిశిక్ష విధించే బిల్లుకు వ్యతిరేకంగా. ప్రసంగాన్ని అందరూ మెచ్చుకున్నారు. బిల్లు నెగ్గింది. చట్టసభలలో ఉపన్యాసానికీ ఫలితానికీ ఉండే సంబంధం నాటికీ నేటికీ పెద్దగా మారలేదు.

మన చట్టసభకు వద్దాం. డబ్బు లేదని ఎవరూ అనలేరు. 2018 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం 3,660 కోట్ల రూపాయలతో ఒక జాతీయ మిషన్‌ను ఆమోదించింది. దేశంలోని ఉన్నత విద్యాసంస్థలలో 25 కేంద్రాలు వెలసినవి. ఢిల్లీ ఐ.ఐ.టి.కి మనిషి ప్రక్కన పనిచేసే రోబోల విభాగం దక్కింది. బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూటుకు రోబో శాస్త్రం, హైదరాబాదు ఐ.ఐ.టి.కి చోదకుడు లేని వాహనాల విభాగం వచ్చినవి. హైదరాబాదులోనే ట్రిపుల్ ఐ.టి.లో రోబో పరిశోధన కేంద్రం చాలా ఏళ్లుగా మంచిపేరు తెచ్చుకొన్నది. బొంబాయి ఐ.ఐ.టి. వారు ‘ఈ-యంత్ర’ పథకం ద్వారా దేశంలోని వందలాది ఇంజనీరింగు కళాశాలలలో చిన్న చిన్న రోబో ప్రయోగశాలలు పెట్టించారు. 2023 ఆగస్టులో పార్లమెంటు జాతీయ పరిశోధన ఫౌండేషను బిల్లును ఆమోదించినప్పుడు అయిదేళ్లలో 50 వేల కోట్లు అన్నారు. అందులో సింహభాగం ప్రైవేటు రంగంనుంచీ ఇతర వనరులనుంచీ రావాలన్న సంగతి చర్చలో వినిపించీ వినిపించనట్లు పోయింది.

ఒక చేతితో ఇచ్చి మరొక చేతితో తీసుకోవడం ప్రభుత్వాలకు పరిపాటి. పరిశోధన సంస్థలు కొనే శాస్త్రీయ పరికరాలమీద జి.ఎస్.టి. రాయితీతో 5 శాతమే ఉండేది. 2022 జూన్‌లో చండీగఢ్‌లో కూర్చున్న మండలి ఆ రాయితీని తొలగించగా, జూలై 18 నుంచి 18 శాతం కట్టవలసి వచ్చింది. అనగా ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటులోంచి ప్రభుత్వమే పన్ను రాబట్టుకొన్నది. మండలిలో మన రెండు తెలుగు రాష్ట్రాల ఆర్థిక మంత్రులకూ స్థానం ఉన్నది. ఈ అంశంమీద ఇరు రాష్ట్రాలలోనూ ఒక్క ధర్నా జరిగినట్లు నాకు జ్ఞాపకం లేదు. గాజుల మీద, చేనేత మీద పన్ను వేస్తే వీధికెక్కుతాము. అది సబబే. ప్రయోగశాల మరలమీద వేస్తే ఎవరు ఎక్కుతారు?

పన్ను కన్నా పెద్ద అడ్డంకి టెండరు. కొనుగోలు నిబంధనలు వ్రాసినవారి మనసులో ఉన్నది పూర్తి అయిన వస్తువు. ఒక జీపు, ఒక జిరాక్సు యంత్రం, వంద కుర్చీలు. ముందు దాని లక్షణాలు వ్రాయాలి, మూడు ధరలు తెప్పించాలి, తక్కువ ధరవాడికి ఇవ్వాలి, వచ్చిన వస్తువును రిజిస్టరులో ఎక్కించి నంబరు వేయాలి. విడిభాగాల కూర్పు పద్ధతికి ఈ చట్రం బొత్తిగా సరిపడదు. తన యంత్రం చివరకు ఏ ఆకారం దాలుస్తుందో పరిశోధకునికే ముందు తెలియదు. తెలియకపోవడమే పరిశోధన. మార్చిలో రెండు కడ్డీలు కావాలి. జూలైలో మరొక రకం పట్టు కావాలి. సెప్టెంబరులో సగం విప్పి, విప్పినవి వేరొకచోట బిగించాలి. అప్పుడు రిజిస్టరులోని నంబరు ఏ కడ్డీకి? ఆడిటరు వచ్చి “2021లో కొన్న యంత్రం ఏది?” అంటే, అది ఇప్పుడు నాలుగు యంత్రాలలో ఉన్నదని చెప్పే ధైర్యం ఏ ఆచార్యునికి ఉంటుంది? దీనికంటే గాజు గదిలో ఎర్ర బిళ్లలు, నీలి బిళ్లలు వేరు చేసే బొమ్మను కొనడం క్షేమం. దానికి నంబరు ఉంటుంది, రిబ్బను కత్తిరించవచ్చు, మంత్రిగారు మీట నొక్కవచ్చు.

2025 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ కొంత కనువిప్పు కనబరచిన మాట నిజం. కేంద్ర శాస్త్రీయ, విద్యా సంస్థల అధిపతులు ప్రభుత్వ ఆన్‌లైను బజారు వెలుపల కూడా పరిశోధన పరికరాలు కొనవచ్చునన్నారు. కొటేషన్లు లేకుండా కొనగల పరిమితిని లక్షనుంచి రెండు లక్షలకు పెంచారు. రెండు లక్షలంటే చిన్న మొత్తంగా కనిపించవచ్చు. గాడుల కడ్డీలు, మరలు, చిన్న మోటార్లు కొనేవానికి అది చిన్నది కాదు. ఉత్తర్వులన్నింటిలోనూ పెద్ద శీర్షికలకెక్కని ఈ ఒక్కటీ ప్రయోగశాలలకు ఎంతో మేలు చేసిందని నా అభిప్రాయం. కాని కేంద్రం నిబంధన కేంద్ర సంస్థలకే. రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు తమ తమ రాష్ట్రాల కొనుగోలు పద్ధతులకు కట్టుబడి ఉండాలి. తెలుగు విద్యార్థులలో అత్యధికులు చదివేది ఐ.ఐ.టి.లలో కాదు గదా.

ఈ సందర్భంలో ఒక ఇబ్బందికరమైన ప్రస్తావన తప్పదు. ఆంధ్రప్రదేశ్‌లో 2014-19 నాటి ప్రభుత్వ కాలంలో నైపుణ్యాభివృద్ధి సంస్థ ద్వారా సీమెన్స్ పేరుతో కళాశాలల్లో ఏర్పడిన కేంద్రాల వ్యవహారం చివరకు 2023 సెప్టెంబరు 9న చంద్రబాబు నాయుడుగారి అరెస్టు దాకా వెళ్లింది. ఆరోపణలను ఆయన ఖండించారు. అక్టోబరు 31న మధ్యంతర బెయిలు, నవంబరు 20న పూర్తి బెయిలు వచ్చినవి. 2024 జూన్‌లో ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయినారు. న్యాయాన్యాయ విచారణ ఈ లేఖ పని కాదు. ఆ రోజులలో ఢిల్లీలో తెలుగు పార్లమెంటు సభ్యులు ఇరుపక్షాలా ఆ కేంద్రాల గురించి మాట్లాడని పూట లేదు. ఎన్ని కోట్లు, ఎవరి సంతకం, ఏ ఖాతా అన్న వాటిపై సాధికారంగా చర్చించగల నాయకులు ఎందరో కనిపించారు. ఆ గదులలోని యంత్రాలమీద ఏ విద్యార్థి ఏమి నేర్చాడు, ఏ పరిశోధన జరిగింది అని అడిగినవారు మాత్రం నా చెవిన పడలేదు. ప్రయోగశాల మనకు రాజకీయ వస్తువు కాగలిగింది గాని విద్యా విషయం కాలేకపోయింది.

ఇంత సామగ్రి లేకుండానే సాధించినవాడొకడు మనకున్నాడు. నేటి యాదాద్రి భువనగిరి జిల్లా, ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం. టై అండ్ డై చీరకు నూలును ఆసుమీద పోయాలంటే, తల్లి లక్ష్మి చీరకు సుమారు తొమ్మిది వేల సార్లు చేయి తిప్పవలసి వచ్చేది. భుజం నొప్పి భరించలేక ఆమె బాధపడుతుంటే, చదువు మధ్యలోనే మానిన కుమారుడు యంత్రం చేయడానికి పూనుకొన్నాడు. 1992 ప్రాంతంలో మొదలుపెట్టి 1999లో పూర్తి చేశాడు. దానికి తల్లి పేరే పెట్టి ‘లక్ష్మీ ఆసు యంత్రం’ అన్నాడు. గుజరాత్ కేంద్రంగా పనిచేసే జాతీయ నవకల్పనల ఫౌండేషను ఆయనను గుర్తించింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో చలనచిత్రమూ వచ్చింది. మల్లేశంగారిని పొగడడానికి వేదికలెక్కేవారు సాధారణంగా ఆయన పట్టుదల గురించి చెబుతారు. నాకు ఆ ఏడేళ్లు బాధ కలిగిస్తాయి. చెక్కతో చట్రం చేయించడం, సరిపోక విప్పడం, ఎక్కడో చూసిన కదలిక కోసం మరొక భాగం వెదకడం, అప్పు చేయడం. ఆ ఏడేళ్లలో పెద్ద భాగం యంత్రాన్ని ఊహించడానికి గాక, ఊహను పరీక్షించే బల్ల లేకపోవడం వలన కరిగిపోయింది. వరంగల్లు రీజినల్ ఇంజనీరింగు కళాశాల 1959లోనే వెలసింది. శారాజీపేటకు రైలుమార్గంలో కొద్ది గంటల దూరం. ఆసు పోసే కుమారుడు ఆ గేటు దాటి లోపలికి పోయి “ఇదీ నా సమస్య” అని చెప్పగల ఏర్పాటు నాడు లేదు. నేడున్నదా?

అటువంటి ఏర్పాటు ఈ దేశంలో పుట్టనిది కాదు. విక్రం సారాభాయ్ పేరు చెబితే రాకెట్లు గుర్తుకు వస్తాయి. కాని 1947లో ఆయన అహమ్మదాబాదులో నిర్మించిన తొలి సంస్థలలో ఒకటి జౌళి మిల్లుల పరిశోధన సంఘం, అటిరా. కాస్మిక్ కిరణాలు చదివిన శాస్త్రజ్ఞుడు దాని మొదటి డైరెక్టరుగా ఉండి మిల్లులోని నూలు సమస్యలను విజ్ఞాన శాస్త్రం ముందు పెట్టాడు. సూరత్‌లోనూ మానవ నిర్మిత జౌళికి ‘మంత్ర’ అనే పరిశోధన సంఘం ఉన్నది. 1961లో పుట్టిన సర్దార్ వల్లభ్‌భాయి ఇంజనీరింగు కళాశాల, వరంగల్లు కళాశాలకు ఒకే తరగతి చెల్లెలు, నేడు జాతీయ సంస్థగా సూరత్‌లో ఉన్నది. ఢిల్లీ ఐ.ఐ.టి.లో జౌళి ఇంజనీరింగు విభాగమూ, మనిషి ప్రక్కన పనిచేసే రోబోల కేంద్రమూ ఒకే ఆవరణలో ఉన్నవి. ఈ కేంద్రాలకు డబ్బు ఇచ్చేటప్పుడు, ఒక భాగాన్ని విడిభాగాల సామగ్రికీ, అవి ప్రయోగంలో పాడైపోవడానికీ ప్రత్యేకించి, ఆ బల్లను సూరత్ వంటి చోట ఖాతాకు నడక దూరంలో పెట్టమని షరతు విధిస్తే అందులో విపరీతమేమీ లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. అది న్యాయమైనదే. పోగును యంత్రం అతికితే ఆ పెద్దాయన ఏమి చేయాలి? ఈ ప్రశ్న నేనే ఆయనను అడిగాను. ఆయన నావంక వింతగా చూశారు. “పని ఎప్పుడో పోయింది గద సారూ. వాటర్‌జెట్ మిషన్లు వచ్చినంక మా తోటోళ్లు సగంమంది లేరు. పోయిన పని పాయె, ఉన్న పనన్నా కండ్లు పోకుండ చేసుకునేటట్టు ఉండాలె” అన్నారు. 1999 ఏప్రిల్ 1న ఆరంభమైన సాంకేతిక నవీకరణ నిధి పథకం క్రింద కేంద్రం రెండు దశాబ్దాలకు పైగా కొత్త మగ్గాలకు రాయితీ ఇచ్చింది. నీటి చిమ్ముతో పేకను విసిరే మగ్గం పాలియెస్టరు వంటి నీరు పీల్చని దారానికి అనువైనది. కనుక సూరత్‌ను ముంచెత్తింది. నాడె మగ్గం కంటే ఎన్నో రెట్లు వేగం. యజమానికి రాయితీ ముట్టింది, మీటరు ఖర్చు తగ్గింది. మగ్గం మారినప్పుడు మనిషి ఏమవుతాడన్న పద్దు ఆ పథకంలో లేదు. యంత్రం వచ్చి మనిషిని తొలగించడానికి విశ్వవిద్యాలయ పరిశోధన అక్కరలేదు, దిగుమతి లైసెన్సు చాలు. మనిషి ప్రక్కన నిలబడి పనిచేసే యంత్రం కావాలంటేనే పరిశోధన కావాలి. ఎందుకంటే అటువంటిది విదేశీ క్యాటలాగులో ఉండదు. పదో మగ్గం దగ్గర పోగు తెగిందని చెవులు పనిచేయని చోట వెలుగుతో చెప్పే చౌక పరికరం, చూపు తగ్గిన మనిషికి తెగిన కొసను పట్టి అందించే చిన్న చేయి వంటి వాటిని మనమే చేసుకోవాలి.

తెలంగాణ వెళ్లి బ్రతకవచ్చు గదా అని ఎవరైనా అనవచ్చు. ఆ మాట ప్రభుత్వమే అన్నది. 2017 అక్టోబరు 22న వరంగల్లు వద్ద కాకతీయ మెగా జౌళి పార్కుకు నాటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావు శంకుస్థాపన చేసినప్పుడు, సూరత్, భివండి, షోలాపూరులకు వలసపోయిన నేతగాండ్రు తిరిగి వస్తారన్నది ప్రధానమైన ఆశ. పార్కుకు వచ్చిన పెద్ద సంస్థలలో ఒకటి చంటిపిల్లల దుస్తులు కుట్టేది, మరొకటి ప్లాస్టిక్ సీసాలను కరిగించేది. ఉద్యోగాలు ఉద్యోగాలే. కాని ముప్ఫై ఏళ్లు మరమగ్గం నడిపిన చేతికి అక్కడ దొరికేది మళ్లీ మొదటి తరగతి. 2023 మార్చిలో కేంద్రం దేశంలో ఏడు ‘పి.ఎం. మిత్ర’ జౌళి పార్కులకు స్థలాలు ప్రకటించింది. మొత్తం కేటాయింపు 4,445 కోట్లు. ఆ ఏడింటిలో వరంగల్లు ఒకటి, నవసారి ఒకటి. అనగా డిండోలి తెలుగువాడు పుట్టిన జిల్లాకూ ఒక పార్కు వచ్చింది, ఓటు వేసే నియోజకవర్గానికీ ఒక పార్కు వచ్చింది. రెండు చోట్లా రోడ్లు, నీరు, విద్యుత్తు, వ్యర్థజల శుద్ధి ఏర్పాట్లకు పద్దులున్నవి. ఈ పార్కులలోనే ఒక్కొక్క గది విశ్వవిద్యాలయ పరిశోధకులకు ఇచ్చి, తాళంచెవి పరిశోధకుని దగ్గరా, సమస్య నేతగాని దగ్గరా ఉంచే ఆలోచనను తెలుగు సభ్యులలో ఎవరైనా జౌళి మంత్రిత్వ శాఖ ముందు పెట్టవచ్చు. లోక్‌సభలో మనవారు 42 మంది ఉన్నారు. కేంద్ర ప్రభుత్వపు మనుగడలో భాగం ఉన్నవారూ వారిలో ఉన్నారు.

ఖర్చు ఎంత అని నా ఆచార్య మిత్రుని అడిగాను. పెద్ద యాంత్రిక హస్తం మొదట అక్కరలేదన్నారు. రెండు జారుడు పట్టాలు, ఒక కెమెరా, కొన్ని గాడుల కడ్డీలు, గాలి పంపు, చిన్న కంట్రోలరు, వాటితో పాటు ఇద్దరు విద్యార్థులకు రెండేళ్ల వేతనం. వీటన్నింటికంటే ముఖ్యంగా, ఇష్టం వచ్చినట్లు రంధ్రాలు పొడవడానికి అభ్యంతరం లేని ఒక పాత నాడె మగ్గం కావాలన్నారు. అది సంపాదించడమే కష్టమేమో అని సందేహించారు. డిండోలిలోని విద్యార్థికి ఫోను చేసి అడిగితే, వాళ్ల వైపు పాత మగ్గాలను విప్పి కిలోల లెక్కన తుక్కు వ్యాపారులకు అమ్ముతున్నారని, ఏది కావాలో చెబితే లారీ ఎక్కక ముందే ఆపిస్తానని చెప్పాడు.